గర్భసంచి వేరు, అండాశయాలు వేరు: స్త్రీ జీవిత దశల్లో హార్మోన్ల పాత్ర

విద్యార్థులారా! ఈ పాఠాన్ని ఒక బజారులో మొదలుపెడదాం. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దీన్ని పెద్ద జంక్షన్‌గా మార్చింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయం ఇక్కడే. రైలు పనుల కోసం మన ఉత్తరాంధ్ర వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. పాత ఊళ్లోని సదర్ బజార్‌కు పండుగ బట్టల కోసం వచ్చిన ఇద్దరు తెలుగు స్త్రీలు ఇలా మాట్లాడుకుంటున్నారని ఊహించండి.

“ఏటొదినా, అలా నీరసంగా ఉన్నావు?”

“ఏటుంది, ఆపరేషన్ అయిన కాడ్నుంచీ ఇంతే. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు. రాత్రి నిద్ర ఉండదు. కీళ్లు నొప్పులు.”

“ఏ ఆపరేషన్?”

“అదే, పెద్దాపరేషన్.”

ఆ వదిన వయసు 36 సంవత్సరాలనుకుందాం. పెద్దాపరేషన్ అంటే మనవాళ్ల మాటల్లో గర్భసంచి తీసేయడం. సిజేరియన్‌ను కూడా కొందరు ఇదే పేరుతో పిలుస్తారు కాబట్టి, వినగానే ఏదో ఒకటి అనుకోకుండా అడిగి తెలుసుకోవాలి. తీసింది గర్భసంచి అయితే ఒంట్లో ఆవిర్లు ఎందుకు వస్తున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే స్త్రీ శరీరంలో ఏ హార్మోను ఎక్కడ పుడుతుందో ముందుగా తెలియాలి.

హార్మోన్లు అంటే వినాళ గ్రంథులు నేరుగా రక్తంలోకి వదిలే రసాయనాలు. ఋతుచక్రానికి సంబంధించిన ఆదేశాలు మెదడులోని హైపోథాలమస్ దగ్గర మొదలవుతాయి. అక్కడి నుంచి వచ్చే సంకేతంతో పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అనే రెండు హార్మోన్లను విడుదల చేస్తుంది. ఇవి అండాశయాలను చేరితే అవి ఈస్ట్రోజన్‌ను, ప్రొజెస్టిరాన్‌ను తయారుచేస్తాయి. గర్భాశయం ఈ వరుసలో చివరిది. వచ్చిన ఆదేశాన్ని అది పాటిస్తుందే తప్ప ఈ రెండు హార్మోన్లనూ తయారుచేయదు. పాఠంలో మిగతా అంతటికీ ఆధారం ఈ ఒక్క విషయమే.

ఈస్ట్రోజన్ ప్రభావంతో గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. మీ ఇంటిపై నీళ్ల ట్యాంకులో తేలే బంతిని చూసే ఉంటారు. నీరు నిండగానే అది పైకి లేచి గొట్టాన్ని మూసేస్తుంది. రక్తంలో ఈస్ట్రోజన్ పెరిగినప్పుడు పీయూష గ్రంథి కూడా చాలావరకు ఇలాగే తగ్గి పనిచేస్తుంది. అయితే నెల మధ్యలో ఒకసారి దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఈస్ట్రోజన్ ఒక స్థాయిని దాటి, రెండు రోజులపాటు ఆ స్థాయిలోనే నిలబడితే ఎల్.హెచ్. తగ్గకపోగా ఒక్కసారిగా ఎగసిపడుతుంది. అప్పుడే అండం విడుదలవుతుంది. అండం విడిచిన చోటు ప్రొజెస్టిరాన్‌ను తయారుచేసే తాత్కాలిక గ్రంథిగా మారుతుంది. గర్భం నిలవకపోతే సుమారు 14 రోజుల్లో అది వాడిపోతుంది, హార్మోన్లు పడిపోతాయి, పొర రాలి నెలసరి వస్తుంది. ముట్టుకు ముందరి ఈ భాగం దాదాపు స్థిరంగా ఉంటుంది. నెల నెలకూ మారేది మొదటి భాగం. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తరువాతి నెలసరి మొదటి రోజు వరకు లెక్కించాలి. పెద్దవారిలో ఆ లెక్క 21 నుంచి 35 రోజుల మధ్య ఉంటే సహజమే. “28 రోజులకు రాలేదు” అని కంగారుపడనక్కరలేదు.

ఇక దశల వారీగా చూద్దాం. ఆడశిశువు పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో సుమారు 10 నుంచి 20 లక్షల అపరిపక్వ అండాలుంటాయి. రజస్వల అయ్యేనాటికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గిపోతాయి. జీవితమంతా కలిపి విడుదలయ్యేవి నాలుగైదు వందలే. మిగిలినవి క్రమంగా నశిస్తాయి. ముట్లుడగడమంటే ఈ నిల్వ దాదాపు ఖాళీ కావడమే.

రజస్వల అయిన మొదటి రెండేళ్లలో నెలసరి క్రమం తప్పడం సాధారణం. మెదడుకూ అండాశయానికీ మధ్య సమన్వయం కుదరడానికి కొంత కాలం పడుతుంది. ఎనిమిదేళ్లు నిండకముందే యౌవన లక్షణాలు కనిపించినా, పదమూడేళ్లకు కూడా రొమ్ములు పెరగడం మొదలుకాకపోయినా, పదిహేనేళ్లు వచ్చినా రజస్వల కాకపోయినా వైద్యులకు చూపించాలి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం అవుతుంటే ఆలస్యం చేయకూడదు. ఈ వయసులో హార్మోన్ల కంటే ఎక్కువగా బాధపెట్టేది రక్తహీనత. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఇది 60 శాతం దాటింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వ్రతానికో, పెళ్లికో అడ్డు రాకుండా ముట్టు వాయిదా వేసే మాత్రలు మన ఇళ్లలో పప్పుబెల్లాల్లా వాడుతున్నారు. ప్రొజెస్టిరాన్ పడిపోతేనే కదా నెలసరి వచ్చేది! అదే రకమైన హార్మోనును మాత్ర రూపంలో అందిస్తూ, పడిపోకుండా నిలపడమే ఆ మాత్ర చేసే పని. రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి అది ప్రమాదం కావచ్చు. మందుల షాపువాడు ఈ ప్రశ్నలేవీ అడగడు.

పి.సి.ఓ.ఎస్. గురించి మీరంతా వినే ఉంటారు. 1935లో స్టీన్, లెవెంతాల్ అనే వైద్యులు దీన్ని వర్ణించారు. పేరే తప్పుదారి పట్టిస్తుంది. స్కానింగులో కనిపించేవి ప్రమాదకరమైన బుడగలు కావు, సగంలో ఆగిపోయిన అండకోశాలు మాత్రమే. మూలంలో పురుష హార్మోన్ల ఆధిక్యం, చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఉంటాయి. అధిక బరువున్నవారు ఐదు నుంచి పది శాతం తగ్గినా నెలసరి కుదుటపడే అవకాశం ఉంది. కౌమార బాలికల్లో స్కానింగు ఒక్కటే చూసి ఈ ముద్ర వేయడం సరికాదని నేటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

గర్భం నిలిచాక మొదటి వారాల్లో పిండం చుట్టూ ఉన్న కణాల నుంచి వచ్చే హెచ్.సి.జి. అనే హార్మోను ప్రొజెస్టిరాన్ తగ్గకుండా చూస్తుంది. తరువాత ఆ బాధ్యతను మాయ స్వీకరిస్తుంది. అవటు గ్రంథిపై భారం పెరిగేదీ ఈ కాలంలోనే కాబట్టి థైరాయిడ్ పరీక్ష ముఖ్యం. గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందమే 1940లలో అమెరికాలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. కాన్పు అయిన కొద్ది రోజుల్లోనే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ నిట్టనిలువునా పడిపోతాయి. బాలింతకు కారణం లేకుండా ఏడుపు వస్తే అది ఆమె గారాబం కాదు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది.

ఇక ముట్లుడగడం. వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్లు లెక్క. భారతీయ స్త్రీలలో ఇది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజన్ ఒడిదుడుకులకు లోనవుతుంది. హైపోథాలమస్‌లో శరీర ఉష్ణోగ్రతను అదుపుచేసే కేంద్రం అతి సున్నితంగా మారి, కొద్దిపాటి వేడికే చెమట, ఆవిర్లు పుట్టిస్తుంది. ఎముకల్లోని ఖనిజం తరిగే వేగం పెరుగుతుంది. గుండెకు ఇంతకాలం ఉన్న రక్షణ కూడా తగ్గుతుంది.

సదర్ బజార్ వదిన దగ్గరికి మళ్లీ వద్దాం. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేసి ఉంటే, పదేళ్ల తరువాత మెల్లగా రావలసిన మార్పు ఆమెకు రెండు రోజుల్లో వచ్చి పడింది. అండాశయాలు ఉంచేసినా, వాటికి వెళ్లే రక్తంలో కొంత భాగం గర్భాశయ ధమని నుంచే అందుతుంది కాబట్టి అవి కొన్నేళ్లు ముందుగా అలసిపోవచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో మాత్రం ఇలా జరగదు. అందులో కట్టేది అండవాహికలను మాత్రమే, హార్మోన్లు యథాతథంగా ఉంటాయి. ఈ తేడాను బిలాస్‌పూర్ జిల్లాలో మరింత ఓపికగా వివరించాలి. 2014 నవంబరులో అక్కడి ట్యూబెక్టమీ శిబిరాల తరువాత 13 మంది స్త్రీలు మరణించారు. ఆపరేషన్ అనే మాటకే భయపడడంలో వారి తప్పేమీ లేదు.

ఇది ఒక్కరి కథ అయితే ఇంత విపులంగా చెప్పేవాళ్లం కాదు. 2015–16 నాటి జాతీయ సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. 2012లో ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ బీమా కార్డుల మీద కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు అవసరం లేకుండానే ఈ ఆపరేషన్లు చేశాయన్న ఆరోపణలు పెద్ద దుమారం రేపాయి. ఛత్తీస్‌గఢ్, బీహార్, రాజస్థాన్‌ల అనుభవాలపై వేసిన వ్యాజ్యంలో, కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్‌కు చెప్పే కారణాలు తెల్లబట్ట, నడుంనొప్పి, అధిక రక్తస్రావం, “తీయించకపోతే క్యాన్సర్ వస్తుంది” అనే భయం. తెల్లబట్ట చాలాసార్లు మందులతో నయమయ్యే ఇన్‌ఫెక్షన్. నడుంనొప్పికి గర్భసంచితో సంబంధమే ఉండకపోవచ్చు. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భాశయంలో అమర్చే హార్మోను సాధనం ఉంది. క్యాన్సర్, అదుపులోకి రాని రక్తస్రావం, పెద్ద గడ్డలు, బాగా జారిపోయిన గర్భసంచి వంటి వాటిలో ఆపరేషన్ ప్రాణాన్నో జీవితాన్నో కాపాడుతుంది. అప్పుడు వద్దనడం కూడా తప్పే.

మరి వదినకు చికిత్స లేదా? ఉంది. చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి, ఇతర ప్రమాదాలు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు వరకు వైద్యులు ఈస్ట్రోజన్ సూచిస్తారు. గర్భసంచి ఉన్న స్త్రీకి దాని లోపలి పొర రక్షణకు ప్రొజెస్టిరాన్ కూడా కలపాలి, లేని స్త్రీకి సాధారణంగా అక్కరలేదు. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలో ఒక భాగం మధ్యలో ఆగిపోయాక హార్మోను చికిత్స అంటేనే అందరూ జంకారు. కాని అందులో పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63. ఆ భయాన్ని 36 ఏళ్ల స్త్రీకి అంటగట్టడం న్యాయం కాదు.

ఈ మాటలు ఆమెకు ఎవరు చెప్పాలి? ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మితానిన్ అనే గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలైంది. ఆ భాషలో మితానిన్ అంటే స్నేహితురాలు. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా పథకానికి ఇది ఒక స్ఫూర్తి. మీలో కొందరు రేపు నర్సులు, ఆరోగ్య సలహాదారులు కావచ్చు. సలహాదారు మందు రాయకూడదు, హార్మోను మాత్ర పేరు కూడా సూచించకూడదు. కాని తేదీలు రాసుకోమనవచ్చు, ఎన్ని ప్యాడ్లు తడుస్తున్నాయో అడగవచ్చు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించవచ్చు, ఆపరేషన్‌కు ముందు రెండో వైద్యుని దగ్గరికి తోడు వెళ్లవచ్చు. ముట్లుడిగి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, ఆ వారంలోనే ఆసుపత్రికి పంపాలి.

ఆపరేషన్ అయిపోయినవారి విషయంలో మొదట చూడవలసింది డిశ్చార్జి కాగితం. అండాశయాలు ఉంచారా, తీశారా? ఒకటా, రెండూనా? తీసిన భాగాన్ని పరీక్షకు పంపిన రిపోర్టు ఉందా? చాలా ఇళ్లలో ఆ కాగితం బీరువాలో చీరల అడుగున, మడత కూడా విప్పకుండా ఉంటుంది. ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి దాన్ని ఇంట్లో చదివి చెప్పగలిగేది చాలాసార్లు మీరే.