కొత్త మాత్ర చేరిందా, కాగితం మీదికెక్కాలి

తరగతిలో పిల్లవాడు పదిన్నరకల్లా బల్లమీద తల వాల్చేస్తే రాత్రి నిద్ర చాలలేదనుకుంటాం. మూర్ఛకో, అతిచురుకుదనానికో, పట్టలేని కోపానికో మందులు వాడుతున్న పిల్లలైతే మేం ఇంకో మాట కూడా అడుగుతాం: ఈ మధ్య కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టారా?

రిస్పెరిడోన్ మగత తెస్తుంది, ఆకలి పెంచుతుంది. వాల్‌ప్రోయేట్‌తోనూ అదే ఇబ్బంది. రెండూ వాడే పిల్లవాడు కొన్ని నెలల్లోనే యూనిఫాం పట్టనంత లావెక్కవచ్చు. అది తిండిపోతుతనం కాదు. మిథైల్‌ఫెనిడేట్ ఇందుకు తారుమారు: మధ్యాహ్నం అన్నం సయించదు, రాత్రి నిద్ర పట్టదు. దానికి తోడు క్లోనిడిన్ ఇస్తే పగలు మగత, తల తిరగడం ఉండొచ్చు. క్లోనిడిన్‌ను ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా పెరగవచ్చు.

కొన్ని మందులు పక్క మందును ఒంట్లోంచి త్వరగా పోనివ్వవు. ఫ్లూఆక్సెటిన్ తోడైతే రక్తంలో రిస్పెరిడోన్ పెరుగుతుంది. మాత్ర మారకపోయినా డోసు పెంచినట్టే. చేతులు వణకడం, కండరాలు బిగుసుకోవడం కనిపించవచ్చు. చేతిరాత మారిందని ముందు పసిగట్టేది చాలాసార్లు టీచరే. వాల్‌ప్రోయేట్ వాడేవారికి లామోట్రిజిన్ ఇస్తే, రక్తంలో దాని మోతాదు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే డాక్టర్లు చాలా తక్కువతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుతారు. ఆ రోజుల్లో ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుళ్లు, జ్వరం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇలా కలిపి ఇవ్వడమే తప్పని కాదు. అవసరమైతే డాక్టర్లు తెలిసే ఇస్తారు. ఫిట్స్ డాక్టరు ఇచ్చింది మానసిక వైద్యుడికి తెలియకపోతేనే చిక్కు. మన ఇళ్లల్లో అది సులువుగా జరుగుతుంది. హోసూరు వైపు చూడండి. ఇంట్లో తెలుగు. చూపించుకునేది బెంగళూరులో, కన్నడంలోనో ఇంగ్లీషులోనో. మందుల షాపులో తమిళం. 'పొద్దున సగం, రాత్రి ఒకటి' అన్న మాట ఇన్ని నోళ్లు దాటి అమ్మ చెవిన పడేసరికి తిరగబడినా ఆశ్చర్యం లేదు.

అందుకని తల్లిదండ్రులను ఒకే కాగితం రాయమంటున్నాం, తెలుగులోనే. మందు పేరు, ఎంత, ఏ వేళ, ఏ తేదీన మొదలైంది. జలుబు సిరప్‌, నాటు మందు కూడా అందులో ఉండాలి. మందుల పేర్లు చీటీలో ఉన్నట్టే ఇంగ్లీషులోనూ ఎక్కించాలి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అదే చూపాలి. వెనక వైపు మేం తేదీ వేసి చూసింది రాస్తాం: ఎప్పుడు కునికాడు, అన్నం ఎంత వదిలేశాడు, ఎక్కడ తూలిపడ్డాడు. మందు మానెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పం. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ముంచుకొస్తాయి. డాక్టరు దూరమైతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆ కాగితం నకలు హెడ్మాస్టరు బీరువాలో ఉంటుంది, హాజరు పట్టీలో కాదు. పిల్లలు పట్టీ తిరగేస్తారు, పేర్లు పెట్టేస్తారు.