పుట్టి తాత మనకేమవుతాడు?

పెత్రమాస నాడు పొద్దున్నే మా ఇంట్లో ఒక లెక్క జరుగుతుంది. చేటలో బియ్యం, గుమ్మడికాయ ముక్క, చింతపండు, బెల్లం, నువ్వులు సర్దుతూ మా అత్తమ్మ ఒక్కో పేరే చెబుతుంటుంది. మామ, మామ తండ్రి, తాత, ఆ వైపు ముగ్గురు, ఈ వైపు ముగ్గురు. నేను కాగితం మీద రాసుకుంటాను. గుడి దగ్గర అయ్యగారు అడిగితే తడుముకోకూడదు కదా!

మొన్నటి పెత్రమాసకు కూడా అట్లాగే రాశాను. "ఇంకెవరన్న మిగిలిండ్రా?" అంది అత్తమ్మ, అలవాటుగా.

"పుట్టి తాత" అన్నాను. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

అత్తమ్మ చేట కింద పెట్టింది. "ఆయన మనకేమైతడు?"

నిజమే, ఏమవుతాడు? మా ఇంటిపేరు కాదు, కులం కాదు, చుట్టరికం లేదు. సమాధానం చెప్పలేక ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

నేను పుట్టింది వనపర్తి వైపు కృష్ణ ఒడ్డున. ఏటికి అవతల గద్వాల. సంతకైనా, దవాఖానకైనా, చీరకైనా అవతలి ఒడ్డే మాకు దగ్గర. దగ్గరంటే కంటికి దగ్గర, కాలికి కాదు. మధ్యలో కృష్ణమ్మ ఉంది. ఆమెను దాటించేది పుట్టి.

పుట్టి చూడని వాళ్ల కోసం చెబుతాను. పెద్ద గంపను ఊహించుకోండి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, వెనకటి రోజుల్లో తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. ముందు వైపు, వెనక వైపు అంటూ ఉండవు. ఒక్క తెడ్డుతో నడపాలి. చేతకాని వాడు తెడ్డు వేస్తే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఈ గంప పడవలను చూసి ఆశ్చర్యపోయి రాసిపెట్టాడు. లోపల బెత్తం, పైన తోలు, పదిహేను ఇరవై మంది ఎక్కుతారు, తిన్నగా పోవు, తిరుగుతూ పోతాయి అన్నాడు. ఐదు వందల ఏళ్లయింది. మా తాత పుట్టి కూడా అట్లాగే తిరిగేది.

మా రేవులో ఆరేడు పుట్లు ఉండేవి. వాటిని నడిపేవాళ్లంతా ఒకే వాడకట్టు వాళ్లు. బావా బామ్మర్దులు, పాలివాళ్లు. వాళ్లకు వంతులుండేవి. ఈ రోజు ఒకరిది, రేపు మరొకరిది. డబ్బులు చేతికిచ్చేవాళ్లు తక్కువ. పంట ఇంటికొచ్చినప్పుడు కళ్లం దగ్గర మేర కొలిచేవారు. మధ్యాహ్నం రేవు ఖాళీగా ఉంటే పడుచువాళ్లు ఉత్త పుట్లతో పందెం కట్టేవాళ్లు. అవతలి బండరాయిని తాకి ఎవరు ముందొస్తారని. మేం పిల్లలం ఒడ్డున నిలబడి గొంతు పోయేలా అరిచేవాళ్లం. గెలిచినవాడికి బహుమతి ఒక బీడీ కట్ట. ఓడినవాడికి ఆ రోజంతా వెక్కిరింత.

కానీ అవతలి ఒడ్డు నుంచి ఎవరైనా కేక వేశారంటే పందెం ఆగేది. అది ఎవరి వంతు అన్న ప్రశ్న ఉండదు. ఏ పుట్టి దగ్గరగా ఉంటే అది పోవాల్సిందే.

మా తమ్ముడు పుట్టిన రాత్రి అట్లాంటి కేకే మా నాయన వేశాడు. వానాకాలం. ఏరు నిండుగా ఉంది. అమ్మకు నొప్పులు మొదలై పొద్దుగూకింది, మంత్రసాని చేతులెత్తేసింది. మామూలుగా చీకటి పడ్డాక పుట్టి కదపరు. తాత వచ్చాడు. లాంతరు మా నాయన చేతికిచ్చి, అమ్మను గడ్డి మీద పడుకోబెట్టి, నన్ను చూసి అన్నాడు: "నువ్వు ఏడ్వకు బిడ్డా. ఏడ్పు ఇంటె ఏరు బెదురుతది." నేను ఒడ్డునే మా అవ్వ కొంగు పట్టుకుని నిలబడ్డాను. లాంతరు వెలుగు తిరుగుతూ తిరుగుతూ చిన్నదైపోయింది. తెల్లారి తమ్ముడు పుట్టాడని కబురు వచ్చింది. తాత మేర కంటే ఒక్క గింజ ఎక్కువ తీసుకోలేదు.

కృష్ణమ్మ అందరినీ అట్లా దాటించలేదు. 2007 జనవరిలో సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర రోజుల్లో, కొల్లాపూర్ దగ్గర మంచాలకట్ట వద్ద పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. పండగ కోసం కొత్త బట్టలు కట్టుకుని బయల్దేరినవాళ్లు వాళ్లు. శ్రీశైలం జలాశయం నిండాక అక్కడ ఏరు ఏరులా ఉండదు, సముద్రంలా ఉంటుంది. సోమశిల నుంచి సిద్దేశ్వరానికి వంతెన కావాలన్న మాట ఆ తర్వాత గట్టిపడింది. 2022లో కేంద్రం వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో దానికి ఆమోదం తెలిపింది. 2020 ఆగస్టులో వరద మీదున్న కృష్ణలో, మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి సరుకులు తెచ్చుకుంటున్న వాళ్ల పుట్టి తిరగబడి నలుగురు గల్లంతయ్యారు. గద్వాల దగ్గర గుర్రంగడ్డ నాలుగు వైపులా నీళ్లున్న ఊరు. అక్కడి ఆడవాళ్లు కాన్పుకు ముందే ఒడ్డు దాటి చుట్టాలింట్లో ఉండాల్సి వచ్చిందంటే మనం అర్థం చేసుకోగలం కదా!

ఇవి పేపర్లకెక్కిన చావులు. మా రేవులో ఒక్కొక్కరుగా పోయినవాళ్లవి ఎక్కడా ఎక్కలేదు. ఒకతను సుడిలో పోయాడు. ఒకతను వలలో కాలు చిక్కి పోయాడు. ఇంకొకతను ఏమీ కాక, ముసలితనంతోనే పోయాడు. ఎవరు పోయినా ఆ రోజు రేవులో పుట్టి నీళ్లలో దిగేది కాదు. అన్నింటినీ ఒడ్డున వరసగా బోర్లించేవాళ్లు. గద్వాల పోవాల్సిన పెళ్లివారైనా సరే, ఆగాల్సిందే. ఎవరూ సణిగేవాళ్లు కాదు.

ఈ మధ్య మా అబ్బాయి పాఠం కోసం ఆటల గురించి చదువుతుంటే నీళ్ల మీద ఇంకో లోకం కనిపించింది. తెరచాప పడవల పందాలు. మన హుస్సేన్‌సాగర్‌లో వానాకాలం గాలికి తెల్లటి తెరచాపలు వరసగా వంగి పోతుంటే ట్యాంక్‌బండ్ మీద నిలబడి మీరూ చూసే ఉంటారు. ఆ పందాల నియమాల పుస్తకంలో మొట్టమొదటి నియమం గెలుపు గురించి కాదట. ఆపదలో ఉన్న మనిషికి గానీ పడవకు గానీ చేతనైనంత సాయం చేసి తీరాలన్నదట! 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ రెండో స్థానంలో పోతూ, నీళ్లలో పడిపోయిన సింగపూర్ ఆటగాళ్లిద్దరిని చూశాడు. పందెం వదిలేసి పడవ వాళ్ల వైపు తిప్పాడు. పతకం రాలేదు గానీ, ఆ గుణానికి పియర్ డి కుబర్టిన్ పతకం ఇచ్చి గౌరవించారు.

1998లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి హోబార్ట్ దాకా జరిగిన పందెంలో తుపాను వచ్చి ఆరుగురు చనిపోయారు. ఐదు పడవలు మునిగాయి. 55 మందిని కాపాడారు. 1999 జనవరి 1న, అంటే లోకమంతా కొత్త సంవత్సరం పండగ చేసుకునే రోజున, హోబార్ట్ రేవులో ఆ పందెం వాళ్లంతా గుమిగూడి పోయినవాళ్లను తలుచుకున్నారు. వాళ్లంతా ఒకరికొకరు చుట్టాలా? కాదు. ఒకే నీళ్ల మీద బతికినవాళ్లు, అంతే.

చదువుతుంటే నాకు మా రేవులో బోర్లించిన పుట్లు కళ్లముందు కదిలాయి.

మళ్లీ తాత దగ్గరకు వస్తాను. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు అందరం బీచుపల్లి వెళ్లాం. అమ్మ పట్టుబట్టి తాతను కూడా తీసుకొచ్చింది. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. తెడ్డు పట్టక చాలా కాలమైంది. ఘాట్ మీద అయ్యగారు చెబుతున్నాడు: పుష్కరాల్లో సొంతవాళ్లకే కాదు, గురువుకు, స్నేహితుడికి, ఎవరూ లేనివాళ్లకు కూడా పిండం పెట్టొచ్చు, కారుణ్య పితృలంటారు వాళ్లను అని. తాత చటుక్కున ముందుకొచ్చి కూర్చున్నాడు. ఒక్కొక్కరే పేర్లు చెప్పసాగాడు. మా రేవు పుట్టివాళ్లవి. పదకొండు పేర్లు. తడుముకోలేదు.

"గోత్రం?" అన్నాడు అయ్యగారు.

"అందరిది కిష్ణమ్మ గోత్రమే అయ్యా" అన్నాడు తాత.

అయ్యగారు ఒక్క క్షణం ఆగి, అట్లాగే చదివాడు.

ఆ తర్వాత ఏడాదిన్నరకు, సంక్రాంతి వెనక తాత పోయాడు. ఫోన్ వచ్చింది. ఇంట్లో చుట్టాలున్నారు, పిల్లలకు బడి ఉంది, నాగర్‌కర్నూల్ నుంచి రెండు బస్సులు మారాలి. రేపు పోదాంలే అనుకున్నాను. ఆ రేపు దశదినకర్మ కూడా దాటిపోయింది. కథలు రాస్తానని చెప్పుకునే దాన్ని, నదుల గురించి, అమ్మమ్మల గురించి రాసే దాన్ని, మా అమ్మ ప్రాణం దాటించిన మనిషి చివరి చూపుకు వెళ్లలేకపోయాను. దానికి సాకు లేదు. సాకు అనుకున్నవన్నీ చుట్టాలు వెళ్లిపోగానే కరిగిపోయాయి.

ఈసారి అత్తమ్మ ప్రశ్న తర్వాత ఇంకో భయం పట్టుకుంది. తాత చెప్పిన ఆ పదకొండు పేర్లు గుర్తుచేసుకోబోతే ఏడే వచ్చాయి. నలుగురు నా జ్ఞాపకంలోంచి జారిపోయారు. ఆయన ఉన్నంతకాలం వాళ్లున్నారు. ఆయన పోయాక వాళ్లను ఎవరు తలుస్తారు?

మర్నాడే ఊరికి పోయాను. తాత ఇంటి అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. చూపు ఆనడం లేదు. గొంతు గుర్తుపట్టి, "ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా బిడ్డా?" అంది. కోపం కాదు, నిజంగానే అడిగినట్టుంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. గోడకు తెడ్డు ఆనించి ఉంది. పట్టుకునే చోట చెక్క అరిగి నున్నగా మెరుస్తోంది.

పేర్లు అడిగాను. అవ్వకు చదువు రాదు. వంతుల ప్రకారం చెప్పింది. "సోమారం వంతు ఆయనది, మంగళారం వంతు వాళ్ల తమ్మునిది..." అట్లా ఒక్కో రోజుకు ఒక్కో మనిషి లేచొచ్చారు. పేర్లే కాదు, ఒకతనికి పాట వచ్చని, ఒకతను నీళ్లలోకి దిగేముందు పెండ్లాం పేరు అనుకునేవాడని కూడా చెప్పింది. అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పేర్లు ఇక్కడ ఇవ్వను. అవి వాళ్ల ఇళ్లవి. చివరన తాత పేరు నేను చేర్చాను. పన్నెండు.

"సచ్చినోళ్లను రాసుకుంటున్నవు గని, వాళ్ల పెండ్లాలం ఇంకా బతికే ఉన్నం బిడ్డా. అప్పుడప్పుడు మమ్ముల గూడ సూసి పో" అంది అవ్వ, నవ్వుతూ. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఇప్పుడు నెలకొకసారి వెళ్తున్నాను. ఆమె కళ్లకు ఆపరేషన్ చేయించాలని తమ్ముడు, నేను అనుకున్నాం. ఆ రాత్రి పుట్టిన తమ్ముడే.

ఇంటికొచ్చి పుస్తకం అత్తమ్మకు చూపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "నా ఇద్దరు పిల్లలకు పురుడు పోసిన మంత్రసాని ఉండె. ఆమెకు నేనెన్నడు బియ్యమియ్యలే. ఆమె పేరు గూడ రాయి" అంది.

పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ కదా! పొద్దున పోయినవాళ్లకు బియ్యం, సాయంత్రం బతుకమ్మకు పూలు. ఒకే రోజు రెండూ ఎందుకు పెట్టారో నాకు ఇన్నేళ్లకు కొంచెం అర్థమైంది. మా ఊళ్లో చిన్నప్పుడు సద్దుల నాడు బతుకమ్మలను పుట్టిలో పెట్టుకుని నడి ఏట్లో వదిలి వచ్చేది కూడా తాతే. గౌరమ్మనైనా దాటించడానికి ఒక మనిషి కావాలి.

మీ ఇంట్లో కూడా వచ్చే పెత్రమాసకు పేర్లు రాస్తారు కదా! అందరివీ అయ్యాక కలం మూసెయ్యకండి. మిమ్మల్ని ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు దాటించిన వాళ్లెవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వాళ్లు మనకేమవుతారని ఎవరైనా అడిగితే, వచ్చే ఏడు నా సమాధానం సిద్ధంగా ఉంది. కృష్ణమ్మ గోత్రం వాళ్లు అత్తమ్మా, మనవాళ్లే!