పాత కారు పరీక్ష

విద్యార్థులారా! యంత్రమును గూర్చి పుస్తకములో చదువుట యొకటి. దాని మరలను మన చేతులతో విప్పి, తుడిచి, తిరిగి బిగించి, అది నడచుట చూచుట వేరొకటి. ఈ రెండవ విద్యను కోరి, పదునేడేండ్ల నా మనుమడు 2025 వేసవిలో ఒక పాత కారు కొనవలెనని పట్టుపట్టెను. అతడు పాలిటెక్నిక్‌లో యంత్రవిద్య నభ్యసించుచున్నాడు. వాని అమ్మమ్మ తన పోస్టాఫీసు ఖాతాలోని యెనుబదివేల రూపాయలను తీసి వాని చేతిలో పెట్టెను. ఆమె పండ్రెండేండ్లు కూడబెట్టిన సొమ్మది. అది వ్యర్థము కారాదని నాకు మిక్కిలి బెంగ కలిగెను.

నా బెంగకు కారణము లేకపోలేదు. 1993లో నేనును ఒక పాత పద్మినీ కారు కొంటిని. పాలపిట్ట రెక్కవలె మెరయుచున్న దాని నీలిరంగును జూచి మురిసి, అడిగిన సొమ్ము చెల్లించితిని. శ్రావణమాసపు వానలలో ఒకనాడు బడికి పోవుచుండగా నా కాళ్ల క్రింది రేకు ఊడిపడెను. వంగి చూడగా రోడ్డు వెనుకకు పరుగెత్తుచుండెను! తుప్పు పట్టిన రేకుపై రంగు పూసి నాకు అమ్మినారని అప్పుడు తెలిసెను. కడకు ఆ కారు పాత ఇనుము తూచువాని పాలయ్యెను.

కావున మనుమనితో మొదటనే ఒక ఒప్పందము చేసికొంటిని. మన దేశమున పదునెనిమిదేండ్లు నిండనివారికి కారు నడపుటకు లైసెన్సు ఈయరు. బాలుడు బండి నడపి పట్టుబడినచో, 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టమును బట్టి తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేండ్ల వరకు జైలును, ఇరువదియైదువేల రూపాయల జరిమానాయును పడవచ్చును. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. "కారు నీ తండ్రి పేర నుండును. నీవు దానిని విప్పవచ్చును, బిగింపవచ్చును. ఏడు దాటువరకు నడపరాదు" అంటిని. వాడు సమ్మతించెను.

ఏ కారు కొనవలెను? నేర్చుకొనువానికి మూడు గుణములు గల బండి తగినది: నిర్మాణము సరళముగా నుండవలెను, విడిభాగములు చౌకగా దొరకవలెను, దాని గుట్టు తెలిసిన మేస్త్రీలు ఊరూర నుండవలెను. ఈ మూడును మారుతి 800కు కలవు. 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి బండి రోడ్డెక్కినది మొదలు 2014 జనవరిలో ఉత్పత్తి ఆగు వరకు ఇది లక్షల యిండ్లకు మొదటి కారయ్యెను. మూడు సిలిండర్ల చిన్న యింజను. దాని పరిమాణము 796 ఘన సెంటీమీటర్లు. బానెట్టు ఎత్తినచో బ్యాటరీ, రేడియేటరు, ప్లగ్గులు అన్నియు చేతి కందునట్లే యుండును.

విజయవాడ ఆటోనగరులో నా పూర్వశిష్యుడొకడు మేస్త్రీగా నున్నాడు. అతనిని వెంటబెట్టుకొని మేము మూడు కార్లు చూచితిమి.

మొదటిది అద్దమువలె నుండెను. మనుమని కన్నులు మెరసినవి. మేస్త్రి మాత్రము రంగు చూడక బానెట్టుపై అరచేయి యుంచెను. "మాస్టారూ! ఇది ముందే వేడెక్కియున్నది. చల్లని యింజను వెంటనే అందుకొనదని యెరిగి, మనము రాకముందే నడపియుందురు" అని మెల్లగా చెప్పెను. పిమ్మట జేబులోనుండి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతమును తీసి తలుపుల యడుగు భాగమున ఆనించెను. అది కొన్నిచోట్ల గట్టిగా పట్టుకొనెను, కొన్నిచోట్ల జారిపడెను. జారిన చోట ఇనుపరేకు లేదు. లప్పము మెత్తి రంగు వేసియున్నారు.

తుప్పును గూర్చి ఇచ్చట కొంత తెలిసికొనవలెను. ఇనుము నీటితోను, గాలిలోని ఆమ్లజనితోను కలిసినప్పుడు తుప్పు పుట్టును. ఉప్పుగాలి తగులు సముద్రతీరపు ఊళ్లలో ఇది మరింత త్వరగా పెరుగును. తుప్పు తాను పుట్టిన యినుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కావుననే రంగు పొక్కులుగా లేచును. పైకి చిన్న పొక్కు కనబడినచో లోపల పెద్ద గాయ మున్నదని యనుమానింపవలెను. తలుపుల అంచులు, కాళ్లక్రింది చాపల యడుగు, బ్యాటరీ క్రింది పళ్లెము, డిక్కీలో స్టెప్నీ యుంచు గుంట, జాకీ ఆనించు చోట్లు – వీనిని తప్పక చూడవలెను. ఇంజను చెడినచో బాగుచేయవచ్చును. అరిగిన భాగములను మార్చవచ్చును. రేకులే యొకటిగా అతికి కట్టిన ఇట్టి కారులో ఆ రేకు పుచ్చినచో ఇల్లే పునాదితో పుచ్చినట్లు.

రెండవ కారు ధర వింతగా తక్కువ. మేస్త్రి సీటుబెల్టును కడవరకు బయటికి లాగి చూపెను. దాని చివర మట్టిగీత యొకటి కనబడెను. సీటు క్రింది పట్టాలలో ఎండిన ఒండ్రు. సీటు స్ప్రింగులపై తుప్పు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో వేలకొలది బండ్లు మునిగినవి. వానిలో ఎన్నియో బాగుపడి నడచుచున్నవి. మునుగుట దోషము కాదు. మునిగినదని చెప్పకుండ నమ్ముట దోషము. తీగెల కూడళ్లలో చేరిన చెమ్మ ఎన్నినెలలకు బాధించునో చెప్పజాలము. మారు మాటాడక వచ్చితిమి.

మూడవది 2008 నాటి తెల్లని కారు. ఎండకు దాని రంగు వెలిసి యుండెను. మనుమడు పెదవి విరిచెను. కాని అయస్కాంతము అంతటను అంటుకొనెను. చాపల క్రింద రేకు పొడిగా నుండెను. ఇంజను చల్లగా నుండగనే తాళము త్రిప్పగా రెండవమారు అందుకొనెను.

"బాబూ! ఇప్పుడు పొగ చూడుము" అని మేస్త్రి వానిని వెనుకకు పంపెను. పొగ రంగు యింజను నాడి వంటిది. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు లోపల మండుచున్నదన్నమాట. పిస్టను రింగులో, వాల్వుల సీళ్లో అరిగియుండును. నల్లపొగ పెట్రోలు అవసరమునకు మించి పోవుచున్నదని తెల్పును. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లని దట్టమైన పొగ విడువకుండ వచ్చినచో రేడియేటరు నీరు సిలిండరులోనికి దిగుచున్నదని యనుమానింపవలెను. ఈ కారు మొదట కొంచెము ఆవిరి విడిచి, పిమ్మట స్వచ్ఛమయ్యెను. ఆయిలు మూత విప్పి చూడగా పాలమీగడ వంటి తెట్టు లేదు. అనగా ఆయిలులో నీరు కలియలేదు. అయితే ముందు టైరొకటి లోపలివైపు మాత్రమే అరిగియుండెను. బ్రేకు మెత్తగా దిగుచుండెను. "ఇవి దాచిన లోపములు కావు, నేర్చుకొనదగిన పాఠములు" అని మేస్త్రి నవ్వెను.

తరువాత కాగితములు చూచితిమి. బండి మీది ఛాసిస్ సంఖ్యయు, ఇంజను సంఖ్యయు రిజిస్ట్రేషను పత్రముతో అక్షరమక్షరము సరిపోవలెను. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆపై తనిఖీ చేయించి అయిదేండ్ల కొకమారు పునరుద్ధరింపవలెను. ఈ కారుకు 2023లో ఆ పని జరిగియుండెను. బ్యాంకు అప్పు తీరినట్లు పత్రము, చెల్లుబాటులో నున్న బీమా, కట్టవలసిన జరిమానాలు లేకుండుట – ఇవన్నియు సరిచూచి, యాజమాన్యపు మార్పునకు కావలసిన 29, 30 సంఖ్యల ఫారములపై సంతకములు చేయించిన పిమ్మటనే నలువదియైదువేలు చెల్లించితిమి. పేరు మారకున్నచో ఆ బండివలన కలుగు ప్రమాదపు బాధ్యత పాత యజమాని మెడకు చుట్టుకొనును. కొన్నవానికిని చిక్కులు తప్పవు.

మిగిలిన ముప్పదియైదువేలను మరమ్మతులకై విడిచితిమి. ఉన్నదంతయు బండికే పోసినవాడు టైర్లకు అప్పు చేయును. మేస్త్రి పనుల వరుసను మనుమనిచే నోటుపుస్తకములో వ్రాయించెను: మొదట బ్రేకులు, టైర్లు, స్టీరింగు, తరువాత నీరు, ఆయిలు, బెల్టులు, ఆపై ఇంజను, అన్నిటికి చివర రంగు. బండి నడచుటకంటె ఆగుట ముఖ్యము.

మరికొన్ని జాగ్రత్తలను కూడ చెప్పెను. "జాకీ కారు నెత్తుటకే గాని మోయుటకు కాదు. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, గట్టి స్టాండ్లపై నిలిపిన పిమ్మటనే క్రిందికి పొమ్ము. వేడిగా నున్న రేడియేటరు మూత త్రిప్పకుము. తీగెల పనికి ముందు బ్యాటరీ నెగటివు తీగె నూడదీయుము. పెట్రోలు దగ్గర నిప్పు రానీయకుము."

మనుమడు బ్రేకుతోనే మొదలుపెట్టెను. అది మెత్తగా నేల దిగుచున్నదో మూడుదినములు వెదకెను. మొదట గొట్టము ననుమానించెను, కాదని తేలెను. తుదకు వెనుకచక్రపు డ్రమ్ము విప్పగా, లోని బ్రేకు సిలిండరు చెమ్మగిలి కనబడెను. కొన్ని వందల రూపాయల భాగము! తాను బిగించినదానిని మేస్త్రికి చూపి, అతడు సరియని తలయూపువరకు పని ముగిసినదని వ్రాసికొనలేదు. కార్యమునుండి కారణమును వెదకు ఆ మూడుదినముల ఓర్పే వానికి కారు ఇచ్చిన మొదటి లాభమని నా తలంపు.

ఒక సాయంకాలము వాని అమ్మమ్మ వాకిట నిలిచి, "ఏమిరా! నన్ను ఎప్పుడు ఎక్కించుకొని పోయెదవు?" అని యడిగెను.

వాడు నూనె చేతులు తుడుచుకొనుచు ఇట్లనెను: "బ్రేకులు సరియైనవి, అమ్మమ్మా! నా వయస్సే యింకను సరికాలేదు."