దుబాసీల మెదడు

బందరు రేవున ఆంగ్లేయులు 1611లో కోఠీ వేసిరి. ఓడ దిగివచ్చిన పరదేశికిని, కలంకారీ అద్దకపు పనివానికిని నడుమ నిలిచి బేరము కుదుర్చుటకు దుబాసి కావలసి వచ్చెను. రెండు భాషలు పలుకువాడను అర్థముగల ‘ద్విభాషి’ యే జనుల నోట ‘దుబాసి’ యైనది. ఆ నేర్పు వలన అతనికి కూడు దొరకెడిది. ముదిమియందు అదే నేర్పు అతని మెదడునకును అక్కరకు వచ్చునేమో యని నాడెవరు తలతురు?

ఆ ప్రశ్నను తెలుగునాట అడిగి చూచినవారు హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయందలి నాడీవైద్యురాలు డాక్టరు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులును. ఎడింబరో నుండి థామస్ బాక్ వారితో చేయి కలిపెను. అంతకు మున్ను, 2007లో, కెనడాయందలి టొరంటోలో ఇట్టి పరిశీలన జరిగినది. రెండు భాషలవారిలో మతి చెడు జబ్బు, అనగా డిమెన్షియా, సుమారు నాలుగేండ్లు ఆలస్యముగా పొడచూపినదని అచ్చటివారు తేల్చిరి. కాని అచ్చటి ద్విభాషులలో పెక్కురు వలస వచ్చినవారు. ఆ మేలు భాష వలన కలిగినదో, సముద్రములు దాటగలిగిన దేహదార్ఢ్యము వలన కలిగినదో ఎట్లు చెప్పుట? హైదరాబాదులో ఈ చిక్కు లేదు. ఇంట ఉర్దూ, బజారులో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు అచ్చట పుట్టి పెరిగినవారి నిత్యవ్యవహారమే.

వారి ఫలితములు 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వెలువడెను. చూచిన రోగులు 648 మంది. అందు 391 మంది ద్విభాషులు. ఒకే భాష ఎరిగినవారికి జబ్బు సగటున 61.1 ఏండ్లకు మొదలుకాగా, రెండు భాషలవారికి 65.6 ఏండ్లకు మొదలైనది. నాలుగున్నర ఏండ్ల యెడము! చదువు, వృత్తి, పల్లె పట్టణముల భేదము లెక్కలోనికి తీసుకొనినను ఆ యెడము నిలిచియే యున్నది. ఓనమాలు రానివారిలో అది ఆరేండ్ల వరకు కానవచ్చుట నాకు అన్నిటికంటె విలువైన సంగతిగా తోచినది. మేలు బడి చదువుది కాదు, నాలుకది. మూడవ భాష, నాలుగవ భాష వలన అదనపు లాభమేమియు కనబడలేదు. బహుభాషాకోవిదులు నొచ్చుకొనకుందురు గాక.

దీనికి కారణమేమి? రెండు భాషలు వచ్చినవాని మెదడులో ఆ రెండును ఎల్లప్పుడును మేలుకొనియే యుండునట. ఒకదానిని పలుకునపుడు రెండవదానిని అణచి యుంచవలెను. ఎదుటి మనిషి మారగానే అణచినదానిని లేపవలెను. ఇది అవధానమునకు జీవితాంతము సాగు సాము. ఈ ఊహకు బలమిచ్చు మరియొక పరిశీలన 2016లో ‘స్ట్రోక్’ పత్రికలో వచ్చెను. మెదడునకు రక్తము అందక పక్షవాతము వచ్చిన 608 మందిని చూడగా, ద్విభాషులలో నూటికి 40.5 మందికి బుద్ధివ్యాపారము చెడక నిలిచినది, ఏకభాషులలో 19.6 మందికే. మాట పడిపోవుట మాత్రము ఉభయులలోను సమానమే. అనగా రెండవ భాష కాపాడినది భాషను కాదు, దృష్టి నిలుపు శక్తిని.

ఇది జబ్బు రాకుండ చేయు మందు కాదు. దాని వేళను వెనుకకు నెట్టినట్లు మాత్రమే కనబడుచున్నది. ఇతర దేశములలో అన్ని పరిశీలనలును ఇట్లే తేల్చలేదు కూడ.

ఇక మన డెల్టాకు వత్తము. పక్షవాతము తగిలిన పెద్దాయనకు కాలు చేయి స్వాధీనమైనచో ఇంటివారు దేవునికి మ్రొక్కు చెల్లింతురు. ఆయన కౌలు లెక్క తప్పినపుడు, చెప్పినదే చెప్పినపుడు ‘చాదస్తము’ అందురు, కసరుదురు. దెబ్బ తిన్నది స్వభావము కాదు, మెదడని ఎవరు చెప్పవలెను? చెప్పుటకు పరీక్ష కావలెను. అది మనవానికి తగినదై యుండవలెను. ఇంగ్లాండున పుట్టిన ఆడెన్‌బ్రూక్ పరీక్షలో బొమ్మలు చూపి పేర్లడుగుదురు: కంగారూ, పెంగ్విన్, లంగరు, హార్ప్ అను తంత్రీవాద్యము. నాగాయలంక జాలరి లంగరును కనుమూసి తెరచునంతలో చెప్పును. హార్ప్‌ను చూచి తెల్లబోవును. ఆ తెల్లబోవుట వ్యాధి లక్షణము కాదు గదా! అందుచేతనే హైదరాబాదు వైద్యులు ఆ పరీక్షను తెలుగునకు అనువుగా మలచుకొనిరి. అటు పిమ్మట భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున తెలుగుతో కూడి ఐదు భాషలలో, అక్షరము రానివారికి సయితము పనికివచ్చునట్లు, పరీక్షల సంపుటి సిద్ధమైనది.

ఐనను పరీక్ష తెలుగున నున్నంత మాత్రమున పని తీరదు. తిరువూరు వైపు తండానుండి వచ్చిన లంబాడీ అవ్వకు తెలుగు సంతభాష. మనుమలతో పలుకునది వేరొకటి. బెజవాడలో ఇంట ఉర్దూ పలుకు వృద్ధుని సంగతియు అంతే. కావున రోగిని వెంటబెట్టుకొని విజయవాడ ఆసుపత్రికి వచ్చు బంధువులు స్కానింగు కాగితములతో పాటు మూడు సంగతులు వైద్యునకు చెప్పుట మంచిది: ఇంటిలో ఏ భాష మాటలాడుదురు, చదువు ఎంతవరకు, జబ్బునకు ముందు పాల లెక్కయో చీటీ లెక్కయో తానే చూచుకొనెడివారా?