తెలంగాణ మెట్టల మీద మైనస్ 272 డిగ్రీలు

పాలమూరు ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! చలి గురించే చెప్పుకోవాలి. నక్షత్రాల మధ్య ఖాళీ అంతరిక్షం మైనస్ 270 డిగ్రీల దగ్గర ఉంటుంది. 1990లలో హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన టెలిస్కోప్‌లో అంతకన్నా చల్లటి ముక్కలు పన్నెండు ఉండేవి. సిలికాన్‌తో చేసిన ఆ బోలోమీటర్లు (కాంతిని దాని వేడిని బట్టి పట్టే గ్రాహకాలు) పనిచేసింది మైనస్ 272.85 డిగ్రీల దగ్గర, అంటే పరమ శూన్యానికి 0.3 డిగ్రీల దూరంలో. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా: ద్రవ హీలియం-3 మీది ఆవిరిని తోడేస్తూ పోతే మిగిలిన ద్రవం ఇంకా ఇంకా చల్లబడుతుంది.

ఇంత తంటా ఎందుకంటే, మీటరు వెడల్పు అద్దంతో ఆ టెలిస్కోప్ వెతికింది కంటికి కనిపించని దూర పరారుణ కాంతిని. అప్పుడే పుడుతున్న నక్షత్రాల చుట్టూ ఉన్న ధూళి వెదజల్లే ఆ కాంతిని గాలిలోని నీటి ఆవిరి నేలదాకా రానివ్వదు. గ్రాహకం కాస్త వెచ్చగా ఉన్నా దాని సొంత వేడే గొడవ చేసి, వచ్చిన కొంచెం కాంతిని మింగేస్తుంది. అందుకే బెలూన్ ఎక్కి 30 కిలోమీటర్ల పైకి పోవాలి, గ్రాహకాన్ని గడ్డకట్టించాలి.

1999 నవంబరులో అదే టెలిస్కోప్‌కు జపాన్ వాళ్ల స్పెక్ట్రోమీటర్ తోడైంది. దాని గురి ఒక్కటే: ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్ వెలువరించే 158 మైక్రాన్ల రేఖ. పౌనఃపున్యంలో చెబితే 1.9 టెరాహెర్ట్జ్. దాన్ని పట్టుకోడానికి వాడిన గాలియం కలిపిన జెర్మేనియం స్ఫటికానిది ఓ విచిత్రం. ఊరికే ఉంచితే ఇంత పొడవు అలలు దానికి అందవు, గట్టిగా నొక్కిపెడితే అందుతాయి!

ఇప్పుడు ఆ రేఖ వేటలో సూపర్ కండక్టర్లదే, అంటే బాగా చల్లబరిస్తే కరెంటును అడ్డు లేకుండా పోనిచ్చే పదార్థాలదే పైచేయి. నాసా గస్టో బెలూన్ 2023 డిసెంబరు 31న అంటార్కిటికాలో లేచి 57 రోజులకు పైగా తిరిగింది. అంత బరువు మోసుకుని నాసా బెలూన్ అన్నాళ్లు ఎగరడం అదే మొదలు. అందులో 1.9 టెరాహెర్ట్జ్ సంకేతాన్ని పట్టింది నయోబియం నైట్రైడ్ పొర. దాని మందం కొన్ని నానోమీటర్లే. సెకనుకు వందల కోట్ల సార్లు వేడెక్కి చల్లారగలదు.

అంతకన్నా పొడవైన మిల్లీమీటర్ అలల దగ్గర రాజ్యం నయోబియందే. రెండు నయోబియం పొరల నడుమ ఒక నానోమీటరు మందాన అల్యూమినియం ఆక్సైడ్. ఎలక్ట్రాన్లు ఆ గోడను దూకవు, దూరి పోతాయి. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా టెలిస్కోప్‌లోని 66 డిష్‌లు ఎక్కువగా నమ్ముకున్నది ఈ శాండ్‌విచ్‌నే. అయితే సుమారు 700 గిగాహెర్ట్జ్ దాటితే నయోబియం చేతులెత్తేస్తుంది. వచ్చే కాంతే కరెంటును మోసే దాని ఎలక్ట్రాన్ జంటల్ని విడగొట్టి, తీగలోనే సంకేతాన్ని తినేస్తుంది. ఆల్మా అత్యున్నత శ్రేణి 787 నుంచి 950 గిగాహెర్ట్జ్. దానికోసం జపాన్ ఇంజనీర్లు చిప్ మీది తీగలకు నయోబియం టైటానియం నైట్రైడ్‌ను ఎంచుకున్నారు. ఈ రంగంలో అసలు పనితనం టెలిస్కోప్ అద్దంలో కన్నా ఇలాంటి చిన్న తీగల్లోనే ఉందని నాకనిపిస్తుంది.

గ్రాహకాల లెక్కా చూడండి. హైదరాబాద్ టెలిస్కోప్‌లో గ్రాహకాలు 12. హవాయిలోని స్కూబా-2 కెమెరాలో సూపర్ కండక్టర్ గ్రాహకాలు 10,240.

బెలూన్ల సంగతికొస్తే, 2014 జనవరిలో టీఐఎఫ్ఆర్ పలుచటి బెలూన్ ఒకటి 51 కిలోమీటర్లు దాటి మీసోస్ఫియర్‌లోకి వెళ్లింది. దాని ప్లాస్టిక్ పొర మందం నాలుగు మైక్రాన్లు కూడా లేదు.

ఇక ఆకాశం కోసం ప్రపంచమే మన దగ్గరికొచ్చిన రోజు 1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ సూర్యగ్రహణం నీడ మహబూబ్‌నగర్, నల్లగొండ మీదుగా సాగింది. జాపాల-రంగాపూర్ అబ్జర్వేటరీలో పదడుగుల డిష్ సూర్యుణ్ని 10 గిగాహెర్ట్జ్ దగ్గర విన్నది. మిల్లీమీటర్ అల కాదు, మూడు సెంటీమీటర్లది. మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో అమెరికన్ బృందం తీసిన సూర్యుడి కరోనా ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ కెమెరాను రూపొందించిన గోర్డన్ న్యూకిర్క్, హైదరాబాద్‌లో పెరిగిన వైను బప్పుతో కలిసి 1949లో తోకచుక్కను కనిపెట్టినవాడే!

మళ్లీ బెలూన్ల మాట. బెలూన్ గాలి ఎటు తోస్తే అటే పోతుంది. ఎక్కడ దిగుతుందో కచ్చితంగా చెప్పలేరు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక పరికరం దిగితే గ్రహాంతరవాసులొచ్చారని జనం గుమిగూడారు. అది స్పెయిన్ కంపెనీ పరీక్షించిన క్యాప్సూల్. దిగే అవకాశమున్న జిల్లాలంటూ బెలూన్ కేంద్రం ఇచ్చే ప్రకటనలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పేర్లూ ఉంటాయి. రంగురంగుల పారాచూట్‌తో పెట్టె ఏదైనా చెల్కలో పడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి, లోపల హై వోల్టేజి ఉండొచ్చు. కబురు చేసినవారికి బహుమతి, ఖర్చులు ఇస్తారు. పెట్టె విప్పి చూశారో, బహుమతి గల్లంతే.