ఈదే యుద్ధ వాహనం: ఎద్దుమైలారం ‘సారథ్’

సారథ్ బరువు 14.3 టన్నులు. యుద్ధరంగం లెక్కలో ఇది తేలిక బండి; మన సైన్యం నడిపే టి-72 ట్యాంకు 41 టన్నులు దాటుతుంది. డ్రైవరు, గన్నరు, కమాండరు, వాళ్ల వెంట ఏడుగురు పదాతి సైనికులు, 30 మిల్లీమీటర్ల ఫిరంగి, ట్యాంకును కొట్టే క్షిపణి. ఇంత సరంజామాతో వెళ్తూ వాగు అడ్డమొస్తే వంతెన కోసం వెతక్కుండా దిగి ఈదాలి. ఉమ్మడి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం నుంచి 1987 మొదలు బయటికొస్తున్న ఈ వాహనంలో ప్రతి రేకు మందాన్నీ ఆ ఈత షరతే నిర్ణయించింది.

దీని పుట్టిల్లు సోవియట్ యూనియన్, అక్కడి పేరు బీఎంపీ-2. అంతకుముందరి బీఎంపీ-1కు 73 మి.మీ. ఫిరంగి ఉండేది. గుండు పెద్దదే గాని వేగం తక్కువ. తోకరెక్కలున్న గుండు కావడంతో అడ్డగాలికి దారి తప్పేది. టరెట్‌లో గన్నరు ఒక్కడే ఉండేవాడు. కమాండరు కింద డ్రైవరు వెనక కూర్చునేవాడు. వెనకవైపు చూడాలంటే టరెట్టే అడ్డం. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఈ లోపాలు బయటపడ్డాయి. పెద్ద గుండు ఒక్కొక్కటిగా వేయడమా, చిన్న గుండ్లు ధారగా కురిపించడమా అని రూపకర్తల మధ్య గట్టి పోటీ నడిచింది. చివరికి ధారే గెలిచింది, గెలవవలసిందీ అదే. కొత్త ఫిరంగి నిమిషానికి 200 నుంచి 300 గుండ్లు నిదానంగానూ, 550కి పైగా జోరుగానూ పేలుస్తుంది. ఉక్కును తొలిచే గుండ్లు ఒక పట్టీ నుంచి, పేలే గుండ్లు ఇంకో పట్టీ నుంచి అందుతాయి కనుక, ఎదుట ఉన్నది బండా, బంకరా అన్నదాన్ని బట్టి గన్నరు అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. గొట్టం 74 డిగ్రీల దాకా లేస్తుంది. లోయలోంచి కొండకొమ్మును కొట్టాలంటే ఇంతకన్నా కావలసిందేముంది? కమాండరు కూడా టరెట్‌లోకి వచ్చాడు.

ఇక ఈత. తేలాలంటే వాహనం తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టాలి, అంటే 14.3 ఘనమీటర్లు. పొడవు సుమారు 6.7 మీటర్లు, వెడల్పు 3.15. దీన్ని దీర్ఘచతురస్రపు పెట్టె అనుకుంటే అడుగు వైశాల్యం 21 చదరపు మీటర్లు, మునక దాదాపు 70 సెంటీమీటర్లు. అసలు ఒళ్లు పెట్టెలా ఉండదు. ముక్కు ఏటవాలు, చక్రాల సందుల్లో నీళ్లే నిండుతాయి. అందువల్ల ఇంకా లోతుగా దిగుతుంది, పైకప్పు నీటికి కాస్త ఎత్తున మాత్రమే మిగులుతుంది. సైనికుల రక్షణ కోసం ఒక టన్ను కవచం అదనంగా తగిలిస్తే మునక ఇంకో అయిదు సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండు టన్నులకు పది. ఒక అల వచ్చి కప్పును కడిగేయడానికి ఆ పది చాలు.

నీటిలో నడిపించడానికి పడవకున్నట్టు పంకా లేదు. నేలమీద తిరిగే ట్రాకులే ఇక్కడా పనిచేస్తాయి. అయితే ట్రాకు కింది వరస నీటిని వెనక్కి నెడుతుంటే, పై వరస అంతే వేగంతో ముందుకు నెడుతుంది. రెండూ సమానంగా నీటిని పట్టుకుంటే బండి ఉన్నచోటే ఊగుతుంది. ఈ చిక్కుకు విరుగుడు చాలా అందమైనది: పై వరసను మడ్‌గార్డు లోపల మూసేశారు. అక్కడి నీరు ధారగా బయటపడలేక లోపలే తిరుగుతుంది. వెనక చివర ఉన్న వాలు పలకల జాలీ నీటిని వెనక్కి మళ్లిస్తుంది. కింది వరస నెట్టుడే మిగులుతుంది, బండి కదులుతుంది. శక్తి చాలా వృథా అవుతుంది. 285 హార్స్‌పవర్ ఇంజను ఇంత చేసి ఇచ్చే వేగం గంటకు 7 కిలోమీటర్లు. మలుపు తిరగాలంటే ఆ వైపు ట్రాకును తగ్గిస్తే సరి.

దిగేముందు ముక్కు మీది పలకను పైకెత్తుతారు, లేకపోతే ఎదురునీరు ఏటవాలు మీదుగా పైకి పాకుతుంది. పలక లేస్తే డ్రైవరుకు దారి కనబడదు. అందుకే అతని మధ్య పెరిస్కోపు తీసి, పలక మీదుగా చూసే పొడుగాటి పెరిస్కోపు అమరుస్తారు. లోపలికి ఊరే నీటిని పంపులు తోడేస్తుంటాయి.

ఈత కోసం దాచుకున్న తేలికదనం నేలమీదా అక్కరకొస్తుంది. టన్నుకు దాదాపు 20 హార్స్‌పవర్ లభిస్తుంది కనుక రోడ్డుమీద గంటకు 65 కిలోమీటర్లు పోతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు ట్రాకులు రెండు, ఒక్కొక్కటి మూడున్నర మీటర్లు నేలను తాకుతుండటంతో చదరపు సెంటీమీటరు మీద పడే భారం 700 గ్రాముల లోపే. బురదలో దిగబడటం తక్కువ. డ్రైవరు చేతిలో ఉండేది మోటారుసైకిల్ హ్యాండిల్ లాంటిది. కొద్దిగా తిప్పితే లోపలి ట్రాకు ఆగదు, తక్కువ గేరులోకి మాత్రమే జారుతుంది. బాగా తిప్పితేనే బ్రేకు పడుతుంది. అందుకే వేగం చెడకుండా వంపులు తిరగగలదు.

పక్కల ఉక్కు తుపాకీ గుళ్లను ఆపుతుందే తప్ప ట్యాంకు గుండును ఆపలేదు. కాబట్టి బండి ప్రాణం డ్రైవరు నేలను చదవడంలో ఉంటుంది. దిబ్బ చాటున ఒళ్లు దాచి టరెట్ మాత్రం పైకి పెట్టాలి, కొన్ని గుండ్లు వేసి వెనక్కి దిగి మరోచోట లేవాలి. ఫిరంగి కిందికి 5 డిగ్రీలే వంగుతుంది. దిబ్బ వాలు ఎక్కువైతే ముక్కు పైకి లేచి, ఎదుటి లోయ కనబడుతున్నా గుండు అందదు. ఎక్కడ ఆగాలో ఆ 5 డిగ్రీలను తలచుకునే డ్రైవరు ఎంచుకోవాలి. చూపుకు చిక్కితే ఇంకో ఉపాయముంది: వేడి పొగగొట్టంలోకి డీజిల్ చిమ్మితే అది ఆవిరై, బయటి గాలికి చల్లబడి తెల్లని తెరలా కమ్ముకుంటుంది. దానికి వేరే మందుసామగ్రి అక్కర్లేదు.

కర్మాగారానికి 1984లో అప్పటి మెదక్ ఎంపీ, ప్రధాని ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. స్థానికులు దాన్ని ఓడీఎఫ్ అంటారు. తొలి వాహనాలు సోవియట్ విడిభాగాలతో కూర్చినవి; క్రమంగా చాలా భాగాలు ఇక్కడే తయారయ్యాయి. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్ తొలి తరగతులు ఆ ప్రాంగణంలోనే జరిగాయి. 2016 జిల్లాల విభజనతో ఎద్దుమైలారం సంగారెడ్డి జిల్లాలోకి వెళ్లినా కర్మాగారం పేరులో మెదక్ అలాగే ఉండిపోయింది. సారథ్ ఒంటిమీదే అంబులెన్సు, మోర్టారు వాహనం, నాగ్ క్షిపణి వాహనం వచ్చాయి. మనిషి లేకుండా దూరం నుంచి నడిపే ‘ముంత్రా’ను ఆవడి పరిశోధనశాల ఈ బండి మీదే రూపొందించింది. 2020 జూన్‌లో రక్షణ శాఖ మరో 156 వాహనాలకు ఆర్డరిచ్చింది. 2021 అక్టోబరు నుంచి కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది.