ఒంటి రంగు ఏ రంగు?

పిల్లలూ! మొన్న డ్రాయింగ్ టీచర్ సెలవు పెడితే ఆరో తరగతికి నేను వెళ్లాను. "మీ అమ్మ బొమ్మ వెయ్యండి" అన్నాను. ఐదు నిమిషాలకల్లా క్లాసంతా ఒకటే గోల, "నీ దగ్గర స్కిన్ కలర్ ఉందా?" అని. లేత గులాబీ రంగు క్రేయాన్ ఒకటి బెంచీ బెంచీ తిరిగింది. గంట కొట్టేసరికి అస్సాం అమ్మ, కేరళ అమ్మ, హర్యానా అమ్మ, గుంటూరు అమ్మ అందరూ ఒకే రంగులో తయారయ్యారు. ఒక పాప మాత్రం కాగితం మూసి కూర్చుంది. ఏమ్మా అని అడిగితే, "మా అమ్మ ఆ రంగులో ఉండదు మేడమ్. బ్రౌన్ వేస్తే వీళ్లు నవ్వుతారు" అంది.

ఆ పాపకు చెప్పిన సంగతే మీకూ చెబుతాను. ఇది సుమారు నూటయాభై ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో జరిగింది.

అప్పటి చిత్రకారులు ఎక్కువగా గదిలోనే కూర్చుని బొమ్మలు పూర్తిచేసేవారు. నీడ అంటే గోధుమ రంగో, నలుపో కలపడమే. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు రంగులు నింపే తగరపు ట్యూబు కనిపెట్టాడు. దాంతో రంగులు సంచిలో వేసుకుని పొలాల్లోకి, ఏటి ఒడ్డుకి వెళ్లడం తేలికైంది. అలా వెళ్లినవాళ్లలో క్లాడ్ మోనే, రెన్వార్ ముఖ్యులు. 1874లో వీళ్లూ, వీళ్ల మిత్రులూ పారిస్‌లో సొంతంగా ప్రదర్శన పెట్టారు. అందులో మోనే వేసిన సూర్యోదయం బొమ్మ పేరులో 'ఇంప్రెషన్' అనే మాట ఉంది. అంటే చూడగానే మనసులో పడే ముద్ర. లూయీ లెరువా అనే విమర్శకుడు ఆ మాట పట్టుకుని వీళ్లను ఇంప్రెషనిస్టులని వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే వాళ్లకు పేరైపోయింది.

ఇంతకీ బయట వాళ్లకు ఏం కనిపించింది? ఎండలో పడే నీడ వట్టి నలుపు కాదని. నీడలోకి సూర్యకాంతి నేరుగా రాదు గానీ, ఆకాశం నుంచి వచ్చే వెలుగు వస్తూనే ఉంటుంది. అందుకే అందులో నీలం కలుస్తుంది. పక్కనున్న వస్తువులూ తమ రంగు కాస్త అంటిస్తాయి. పచ్చగడ్డిలో నిలబడితే తెల్ల చొక్కాకి ఆకుపచ్చ ఛాయ వస్తుంది.

1875లో మోనే తన భార్య కమీల్‌ను గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడినట్టు వేశాడు. కాస్త వెనక కొడుకు ఉంటాడు. ఆమె గౌను తెల్లదే. కానీ నీడవైపు నీలం, బూడిద రంగులు కనిపిస్తాయి. చేతి దగ్గర గడ్డిపూల పసుపు మెరుస్తుంది. ఈ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

మరుసటి ఏడు రెన్వార్ ఒక బొమ్మ ప్రదర్శనకు పెట్టాడు. చెట్ల కింద ఉన్న యువతి ఒంటి మీద ఆకుల సందుల్లోంచి ఎండ పడుతోంది. ఆకుపచ్చ, ఊదా మచ్చలు కనిపిస్తాయి. ఒక పేరున్న విమర్శకుడు అది కుళ్లిన శరీరంలా ఉందని రాశాడు. మనిషి ఒంటికి ఒకే రంగు ఉండాలని అతని లెక్క. ఈనాడు ఆ బొమ్మ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. జనం వెళ్లి చూసి వస్తున్నారు.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కు కూడా ఉంది. 1879లో కమీల్ 32 ఏళ్లకే చనిపోయింది. ఆమె చివరి పడక దగ్గర కూర్చుని మోనే బొమ్మ వేశాడు. ప్రియమైన ఆ ముఖం మీద మారుతున్న రంగులను తన కళ్లు వాటంతటవే వెతుక్కున్నాయని చాలా ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి దగ్గర బాధపడ్డాడు. 1886లో మళ్లీ గొడుగు పట్టుకున్న అమ్మాయిని రెండు బొమ్మలు వేశాడు. వాటిలో గాలి ఉంది, ఎండ ఉంది, ముఖంలో కళ్లూ ముక్కూ మాత్రం దాదాపు లేవు. వెలుగునే చూస్తూ ఉంటే మనిషి చేజారిపోవచ్చు. రెన్వార్ మాత్రం ఎంత ఎండ వేసినా ముఖాల్లోని నవ్వును వదల్లేదు. మనకు రెండూ కావాలి.

ఇదంతా విన్నాక ఆ పాప ఇంటికెళ్లి, కిటికీ దగ్గర అమ్మను నిలబెట్టి మళ్లీ బొమ్మ వేసింది. బ్రౌన్ వేసింది. ఎండ తగిలిన చెంప మీద పసుపు, గడ్డం కింద చీర నీలం కలిపింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. "ఆ నీలం ఎక్కడిది?" అని అడిగారు.

మీరూ ఒక పని చెయ్యండి. సాయంత్రం ఎండలో తెల్లకాగితం పెట్టి, దాని మీద పెన్సిల్ నిలబెట్టి నీడ ఏ రంగులో ఉందో చూడండి. నాకూ మీలాగే బదిలీలు తప్పలేదు. ఎడారి ఎండ, కొండల మబ్బు, సముద్రపు ఒడ్డు అన్నీ చూశాను. ఒక ఊళ్లో ఉన్నట్టు ఇంకో ఊళ్లో వెలుగు ఉండదు. కాబట్టి కొత్త స్కూల్లో పక్క బెంచీ పిల్లవాడి బొమ్మ వేసేటప్పుడు పెట్టెలో 'స్కిన్' అని రాసి ఉన్న క్రేయాన్ కోసం వెతకకండి. ముందు వాడి ముఖం చూడండి.